పక్కింటి పండుగకు పీరియడ్ ఏది?

నిజామాబాదులో ఎనిమిదేళ్ల పిల్లకు మతం చెప్పే చోట్లకు కొదవ లేదు. పొద్దున బడికి ముందో, సాయంత్రం అస్ర్ నమాజు తర్వాతో మసీదు పక్క గదిలో మక్తబ్ నడుస్తుంది. పిల్లలు నూరానీ ఖాయిదా ముందు పెట్టుకుని అలిఫ్, బే చదువుతారు. ఆదివారం చర్చిలో పెద్దల ఆరాధన ఒకవైపు, పిల్లల సండే స్కూల్ ఒకవైపు. సత్యసాయి సంస్థ 1969లో మొదలుపెట్టిన బాలవికాస్ తరగతులు చిన్న పట్టణాల దాకా వచ్చాయి. 1952లో గోరఖ్‌పూర్‌లో ఒక్క బడిగా పుట్టిన సరస్వతీ శిశుమందిరం తెలంగాణ పట్టణాల్లో ఇప్పుడు అందరికీ తెలిసిన పేరు. అక్షరాభ్యాసానికి గోదావరి ఒడ్డున బాసర ఉండనే ఉంది. రైలెక్కితే గంట ప్రయాణం కూడా కాదు.

ఈ చోట్లన్నీ ఒక్క విషయంలో సమానం. ప్రతి చోటా తమ పిల్లలకు తమ మతమే చెబుతారు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు, వాటి పనే అది. చిక్కు ఇంకో దగ్గర ఉంది. పక్కింటివాళ్లు రంజాన్ నెలంతా పగలు ఎందుకు తినరో, ఎదురింటివాళ్లు బోనం మీద దీపం ఎందుకు పెడతారో, వెనక వీధిలోవాళ్లు శుక్రవారాల్లో ఒకదాన్ని మంచి శుక్రవారం అని ఎందుకు అంటారో చెప్పే బాధ్యత ఈ ఊళ్లో ఎవరికీ లేదు. అది పిల్లకు వీధి చెబుతుంది. ఈమధ్య ఫోన్ చెబుతోంది. పట్టణ జనాభాలో మూడో వంతుకు పైగా ముస్లింలున్న చోట, జిల్లాలోని బోధన్‌లో వాళ్ల పాలు ఇంకా పెద్దదైన చోట, ఇది చిన్న లోటు కాదు. 2022 మార్చిలో బోధన్‌లో శివాజీ విగ్రహం విషయమై గొడవ జరిగి 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. అట్లాంటి రోజు ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకునే మాటలే పిల్లలకు ఎదుటి మతం మీద మొదటి పాఠం అవుతాయి.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న బడిలో మతం ఉండాలా వద్దా అన్నది కాదు. ఎదుటివాళ్ల మతం గురించి పిల్లకు సరైన మాట చెప్పగలిగిన ఒకే ఒక్క చోటు బడి. ఆ బడి నోరు మెదపకపోతే ఎవరు చెబుతారన్నది నా ప్రశ్న.

ఇందూరుకు, అంటే నిజామాబాదుకు, ఈ చర్చ కొత్త కాదు. నిజాం కాలపు సర్కారీ బడుల్లో దీనికి టైమ్‌టేబుల్‌లోనే జవాబు ఉండేది. ముస్లిం పిల్లలకు దీనియాత్, మిగతావాళ్లకు అఖ్లాఖియాత్. ఒకరికి మత విద్య, ఇంకొకరికి నీతి విద్య. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం దాకా ఇదే వరస. హిందూ పిల్లవాణ్ని కూర్చోబెట్టి ఇస్లాం నేర్పకపోవడం ఆ ఏర్పాటులోని మర్యాద, అది ఒప్పుకోవాలి. కానీ పాలకుడి మతం ఒక్కటే మతంగా పుస్తకానికెక్కింది, తక్కిన వాళ్లకు ఉన్నది మంచి నడవడి మాత్రమే అయింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. ఒకరి గురించి ఒకరు వినాల్సిన ఆ ఒక్క గంటలోనే పిల్లలు విడిపోయేవాళ్లు. తెలుగు పిల్లలకు తెలుగులో చదువు లేని రోజులవి. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ఆరో సమావేశం 1937లో నిజామాబాదులోనే, మందుముల నర్సింగరావు అధ్యక్షతన జరిగింది. మాతృభాషలో చదువు, ఖాన్గీ (ప్రైవేటు) బడుల మీద ఆంక్షల ఎత్తివేత ఆ మహాసభలు మళ్లీ మళ్లీ అడిగినవి. ఆ మరుసటి ఏడే ఆర్యసమాజం మత స్వేచ్ఛ పేరుతో హైదరాబాదు సత్యాగ్రహం మొదలుపెట్టింది. చదువు, భాష, మతం ఇక్కడ ఎన్నడూ మూడు వేర్వేరు సంగతులుగా నడవలేదు.

అదే కాలంలో అదే జిల్లాలో ఇంకో కథ నడిచింది. మెథడిస్టు మిషనరీలు జార్జ్ కెర్, డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి పెట్టారు. దానికి చేయూత ఇచ్చిన దాత నిజామాబాదుకు చెందిన హిందువు రాజా నర్సాగౌడ్. నిజాం రాజ్యంలో, క్రైస్తవులు నడిపిన ఆసుపత్రికి, హిందువు దానం. రోగుల మతం ఎవరూ అడగలేదు. మా జిల్లా నాలుగో తరగతి పిల్లలకు చెప్పదగ్గ పాఠం ఇంతకన్నా మంచిది నాకు తోచదు.

స్వతంత్రం తర్వాత లెక్క మారింది. రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మత బోధ వద్దంది. ప్రభుత్వ గుర్తింపో, సాయమో ఉన్న బడిలో మత బోధ ఉండవచ్చుగానీ, పిల్లవాణ్ని అందులో కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఈ రెండో మాట మన ఊళ్లో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ప్రైవేటు బడిలో చేర్చినప్పుడే అన్నింటికీ ఒప్పుకున్నట్టని అనుకుంటారు. అది కాన్వెంటైనా, విద్యామందిరమైనా. ఏ ప్రార్థనలో నిలబడాలో, దేంట్లో నిలబడకూడదో అడిగే హక్కు తమకు ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మత బోధ వద్దంటే మతం మాటే ఎత్తొద్దని అర్థమా? కాదని చెప్పినవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. 1959లో వేసిన శ్రీప్రకాశ కమిటీ అన్ని మతాల మహనీయుల జీవితాలు, బోధలు పిల్లలకు చెప్పాలని, రోజూ బడి మొదలయ్యే ముందు కొద్ది నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టాలని సిఫారసు చేసింది. 1964లో వచ్చిన కొఠారీ కమిషన్ ఇంకా తేటగా గీత గీసింది. మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి బోధించడం వేరు. మొదటిది ప్రభుత్వ బడి పని కాదు, రెండోది తప్పక చేయాల్సిన పని. ఇన్ని మతాలున్న ప్రజాస్వామ్యంలో అన్ని మతాలనూ ఓర్పుతో, గౌరవంతో తెలుసుకోవడం పౌరుడి చదువులో భాగమని ఆ కమిషన్ ఉద్దేశం. ప్రాథమిక తరగతుల్లో దీన్ని కథల రూపంలో, ప్రపంచ మతాల నుంచి ఏరిన కథలతో చెప్పాలంది. దౌలత్ సింగ్ కొఠారీ భౌతిక శాస్త్రవేత్త. మత గురువులెవరూ ఇంత సూటిగా చెప్పలేకపోయిన సంగతి ఆయన చెప్పారని నేను ఎప్పుడూ అనుకుంటాను.

కోర్టులు కూడా ఈ గీతనే నిలబెట్టాయి. గురునానక్ జీవితం, బోధల మీద విశ్వవిద్యాలయం చదువు పెట్టడం మత బోధ కిందికి రాదని సుప్రీంకోర్టు 1971లో డీఏవీ కాలేజీ కేసులో చెప్పింది. 2002లో అరుణా రాయ్ కేసులో జాతీయ పాఠ్యప్రణాళికను సవాలు చేసినప్పుడు, మతాల గురించి చదవడం లౌకికత్వానికి విరుద్ధం కాదంది. అంటే యాభై ఏళ్లకు పైగా అడ్డు చట్టంలో లేదు. అడ్డు భయంలో ఉంది. హెడ్మాస్టరుకు ఫోన్ వస్తుందనే భయం, వాట్సాప్‌లో వీడియో తిరుగుతుందనే భయం.

ఆ భయం మూలంగా బడిలో మతం లేకుండా పోయిందా అంటే, అదీ లేదు. అసెంబ్లీలో పాడే పాటలో ఉంది, సరస్వతీ పూజలో ఉంది, క్రిస్మస్ ముందు రోజు ఎర్ర టోపీ వేసి పంపమనే డైరీ నోటులో ఉంది, ఈద్ మిలాప్ ఫొటోలో ఉంది. ప్రైవేటు బడులు పండుగలన్నీ జరుపుతాయి. పిల్లలు వేషాలు వేస్తారు, పెద్దలు ఫొటోలు తీస్తారు. ఆ పండుగ ఎవరిది, ఎందుకు, అందులో వాళ్లు దేన్ని పవిత్రంగా చూస్తారు అన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. వేషం కట్టించడం చదువు చెప్పడం కాదు. ఎదుటివాళ్ల ఆరాధనను ఆటవస్తువు చేసినట్టు కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. కొడుకును మక్తబ్‌కు పంపే తండ్రికి, కూతురికి కృష్ణుడి వేషం వేయమంటే ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది న్యాయమైనదే. అదే తండ్రికి, మీ అమ్మాయి కృష్ణాష్టమి గురించి ఒక పాఠం చదువుతుందంటే అభ్యంతరం ఉండాల్సిన పని లేదు.

నైతిక విద్య పేరుతో ఇంకో దారి కూడా నడుస్తోంది. శతక పద్యాలు, పంచతంత్రం, పెద్దలను గౌరవించు, అబద్ధమాడకు. తితిదే 2012లో శుభప్రదం పేరుతో వేసవి శిక్షణ మొదలుపెట్టింది. 2020 జాతీయ విద్యా విధానం పంచతంత్రం, జాతక, హితోపదేశ కథలను పేరుపెట్టి మరీ చెప్పింది. ఇవి మంచి కథలు, పిల్లలకు చెప్పాల్సినవే. కానీ నీతి చెప్పినంత మాత్రాన మతాల గురించి చెప్పినట్టు కాదు. నిజాం నాటి అఖ్లాఖియాత్ చేసిన పొరపాటునే మనం అందరికీ వర్తింపజేస్తున్నాం.

తెలంగాణ పాఠ్యపుస్తకాలు ఈ విషయంలో చెడ్డవి కావు. 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక పరిధి పత్రం తర్వాత తయారైన ఉన్నత తరగతుల సాంఘికశాస్త్రంలో భక్తి ఉద్యమం, సూఫీలు, గ్రామ దేవతలు, పీర్ల పండుగ దాకా చోటు దొరికింది. పోచమ్మ, మైసమ్మల పేర్లు ప్రభుత్వ పుస్తకంలో గౌరవంగా కనబడటం చిన్న విషయం కాదు. అయితే పిల్ల ఆ పాఠానికి వచ్చేసరికి పన్నెండు, పదమూడేళ్లది అవుతుంది. అప్పటికి ఎదుటి మతం మీద ఆమెకు ఉండాల్సిన అభిప్రాయాలన్నీ ఏర్పడిపోయి ఉంటాయి. పాఠం నాలుగు మార్కుల ప్రశ్నగా మిగులుతుంది. కొత్త విధానం ప్రిపరేటరీ దశ అని పిలుస్తున్న మూడు, నాలుగు, ఐదు తరగతులే అసలు అదను.

ఆ వయసులో అర్థమవుతుందా అని అడగొచ్చు. బ్రిటన్‌లో రొనాల్డ్ గోల్డ్‌మన్ 1964లో ప్రచురించిన పరిశోధనలో, పదకొండు పన్నెండేళ్ల లోపు పిల్లలు మత సిద్ధాంతాలను అక్షరార్థంలోనే పట్టుకుంటారని చూపించాడు. దేవుడంటే వాళ్లకు మేఘాల మీద కూర్చున్న మనిషి. చాలామంది దీన్ని చిన్నపిల్లలకు మతం వద్దనడానికి వాడుకున్నారు. నాకు మాత్రం వేరే సంగతి కనిపిస్తుంది. సిద్ధాంతం వద్దు. చోటు, వస్తువు, తిండి, పండుగ, మనిషి, కథ చాలు. ఎనిమిదేళ్ల పిల్ల పట్టుకోగలిగినవి అవే, పైగా అవన్నీ మన దగ్గర దండిగా ఉన్నాయి.

బోధన్‌నే తీసుకోండి. పదహారు మహాజనపదాల్లో దక్షిణాదిన ఉన్న ఒకే ఒక్కటి అశ్మకం. దాని రాజధాని పోదన ఇదేనని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. గోదావరి తీరాన ఉన్న బావరి అనే గురువు తన పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపిన కథ సుత్తనిపాతంలో ఉంది. జైన సంప్రదాయంలో బాహుబలి ఏలిన పోదనపురం ఇదేనంటారు. శ్రవణబెళగొళలో చావుండరాయడు నిలబెట్టిన విగ్రహానికి వెనక ఈ ఊరి కథే ఉంది. స్థానికులు దీన్ని మహాభారతపు ఏకచక్రపురమనీ చెప్పుకుంటారు. చక్కెర ఫ్యాక్టరీకి పేరుపడ్డ ఊళ్లో బౌద్ధం, జైనం, భారతం మూడూ ఒకే మట్టిని తమదంటున్నాయి. ఇక్కడి పిల్లలకు ఈ మూడింటిలో ఒక్కటి కూడా మూడో తరగతిలో చెప్పరు.

అదే ఊళ్లో దేవల్ మసీదు ఉంది. పేరులోనే గుడీ మసీదూ రెండూ ఉన్నాయి. అది మొదట జైన దేవాలయమని, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో మసీదుగా మారిందని పాత గెజిటీర్లు రాశాయి. కళ్యాణి చాళుక్యుల కాలపు శాసనంలో పేర్కొన్న ఇంద్రనారాయణాలయం ఇదేనని మరో వాదన. దీన్ని పిల్లలకు ఎలా చెప్పాలి? చెప్పకుండా వదిలేయడం తేలిక. కానీ టీచరు చెప్పకపోతే ఆ కట్టడం గురించి ఎవరో ఒకరు వాళ్లకు తప్పకుండా చెబుతారు, వేడి మీద చెబుతారు. టీచరైతే చెప్పగలిగిన నిజాలు సాదావే. ఇది ఒకప్పుడు గుడి. తర్వాతి రాజు దాన్ని మసీదు చేశాడు. అప్పట్లో ఒక రాజు గెలిస్తే ఓడిన రాజు కట్టించినదాన్ని ఇట్లా తనది చేసుకోవడం ఉండేది. ఇవాళ ఈ వీధిలో ఉంటున్నవాళ్లలో ఆ పని చేసినవాళ్లు ఎవరూ లేరు. ఈ నాలుగు వాక్యాలూ అబద్ధం లేకుండా, ఎవరినీ కించపరచకుండా, తొమ్మిదేళ్ల పిల్లకు అర్థమయ్యేట్టు చెప్పొచ్చు. దీనికి ధైర్యం కావాలి, శిక్షణ కావాలి. దాచిపెట్టడం కంటే ఇది మేలు.

కష్టమైన పాఠం అదొక్కటే. మిగతావన్నీ మన జిల్లా మనకు ఇచ్చినవే. వర్ని దగ్గర బడాపహాడ్ దర్గాకు హిందువులు మొక్కులు మొక్కుకుని కందూరు చేస్తారు. మా ఊళ్లలో పీర్ల పండుగ హిందూ ఇండ్లు చేయి వేయకుండా సాగదు. నిప్పుల గుండం చుట్టూ అలాయ్ ఆడేవాళ్లలో ఎవరు ఏ మతమో అడిగితే నవ్వుతారు. పీర్లకు పెట్టే మలీద, సద్దుల బతుకమ్మ నాడు చేసే మలీద ఒకటే: రొట్టె, బెల్లం. చెరుకు పండే నేల మీద బెల్లంతోనే ఇద్దరి నైవేద్యమూ అని పిల్లలకు చెబితే అది మతాల పాఠమూ అవుతుంది, ఊరి పాఠమూ అవుతుంది. నిజామాబాదు ఊర పండుగలో వడ్రంగులు చేసిన కొయ్య దేవతలు ఖిల్లా నుంచి బయలుదేరి ఊరి పొలిమేరలకు వెళ్తాయి. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు, ఏ పురోహితుడూ చేయించడు. అన్ని కులాలూ కలిసి చేసుకుంటాయి. తండాల్లో సేవాలాల్ జయంతి, పక్కనే మహారాష్ట్ర నుంచి విఠలుడి పాటలు, నాందేడ్ గురుద్వారాకు వెళ్లే సిక్కులు, బాబాసాహెబ్ బాటలో బౌద్ధం పట్టిన ఇండ్లు. నిజాంసాగర్ కాలువ వచ్చాక కోస్తా నుంచి వలస వచ్చి క్యాంపులు కట్టుకున్న రైతులు తమ సంక్రాంతిని వెంట తెచ్చుకున్నారు. 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ వీళ్లందరినీ ఒకే గేటు ముందు నిలబెట్టింది. 2015 డిసెంబరులో ఆ గేటు మూతపడ్డప్పుడు జీతాలతో పాటు, వేర్వేరు మతాలవాళ్లు రోజూ కలిసే చోటు కూడా కొంత పోయింది.

ఈ జాబితా చదివి సంతోషపడి ఊరుకుంటే మాత్రం మోసపోతాం. కలిసి చేసే పండుగల కథ ఒక్కటే చెబితే, గుడి లోపలికి ఎవరిని రానివ్వలేదన్న కథ మరుగున పడుతుంది. దళిత పిల్లకు మతం గురించిన పాఠంలో కులం మాట లేకపోతే అది ఆమె ఇంటి పాఠం కాదు. బౌద్ధం ఎందుకు పట్టారని ఆమె తాతను అడిగి రాసుకురమ్మనడం మంచి హోంవర్కు. అట్లాగే నమ్మకం లేనివాళ్లు. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన తెలుగు నేల ఇది. దేవుణ్ని నమ్మని ఇల్లు కూడా మర్యాదస్తుల ఇల్లేనని మతాల పీరియడ్‌లోనే చెప్పాలి.

బయటి అనుభవం ఏం చెబుతుంది? బ్రిటన్ 1944లో ప్రతి బడిలో మత విద్య తప్పనిసరి చేసింది, తల్లిదండ్రులు వద్దంటే పిల్లలను తప్పించే హక్కూ ఇచ్చింది. అప్పట్లో అది క్రైస్తవమే. వలస వచ్చినవాళ్లతో నిండిన బర్మింగ్‌హామ్ నగరం 1975లో స్థానిక మతాలవాళ్లను, టీచర్లను కూర్చోబెట్టి అన్ని మతాల సిలబస్ రాసుకుంది. అంతకుమించి నాస్తిక, మార్క్సిస్టు దృక్పథాలనూ చేర్చి పెద్ద గొడవ ఎదుర్కొంది. నార్వే 1997లో అందరికీ ఒకే మత పాఠం పెట్టింది. కానీ అందులో క్రైస్తవం పాలు మరీ ఎక్కువైందని, పిల్లలను తప్పించే వీలు సరిగ్గా లేదని ఐరోపా మానవ హక్కుల కోర్టు 2007లో తొమ్మిది, ఎనిమిది ఓట్లతో తప్పు పట్టింది. ఎంత చెబుతున్నాం, ఎవరి గురించి ఎంత అన్న కొలత ఎంత సున్నితమో ఆ ఒక్క ఓటు తేడా చెబుతోంది.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది కాలిఫోర్నియాలోని మొడెస్టో. అదీ వ్యవసాయం మీద బతికే పట్టణమే. 2000లో తొమ్మిదో తరగతి పిల్లలందరికీ ప్రపంచ మతాల కోర్సు పెట్టారు. మతాల దగ్గరికి వెళ్లే ముందు ఎవరి నమ్మకాన్ని వాళ్లు పాటించుకునే హక్కు గురించి చెప్పారు. 2006లో వచ్చిన అధ్యయనంలో తేలింది రెండు మాటలు: పిల్లలకు ఇతరుల హక్కుల మీద గౌరవం పెరిగింది, తమ మతం మీద నమ్మకం తగ్గలేదు. మన తల్లిదండ్రులు భయపడేది రెండో దాని గురించే. పక్కింటి దేవుడి గురించి తెలుసుకుంటే మన పిల్ల మన దేవుణ్ని వదిలేస్తుందేమోనని. ఆ పట్టణంలో అట్లా జరగలేదు.

మన దగ్గర మొదటి చిక్కు పిల్లలు ఒక్క చోట లేకపోవడం. ఉర్దూ మీడియం, తెలుగు మీడియం బడులు విడివిడిగా నడుస్తూ వచ్చాయి. కాస్త స్తోమత ఉన్నవాళ్లు తమ మతం వాసన ఉన్న ప్రైవేటు బడికి వెళ్తారు. మైనారిటీ గురుకులాలు చదువుకు మేలు చేశాయి, కానీ పిల్లలను కలపడం వాటి పని కాదు. విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించి మదరసాలను, వేద పాఠశాలలను దాని పరిధి నుంచి తప్పించారు. సర్కారీ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిషు మీడియం రావడంతో ఉర్దూ, తెలుగు పిల్లలు ఒకే గదిలో కూర్చునే వీలు కొన్ని చోట్లయినా పుట్టింది. మీడియం గురించి ఎన్ని వాదనలున్నా, ఈ ఒక్క అవకాశాన్ని వదులుకోకూడదు.

రెండో చిక్కు టీచరు. మక్తబ్‌లో ఆలిం ఉంటాడు, సండే స్కూల్లో పాస్టరమ్మ ఉంటుంది, వాళ్లకు తమ విషయం తెలుసు. సర్కారీ బడి టీచరుకు తన మతం తెలుసు, అంతే. తెలియనిది చెప్పమంటే తడబడతాడు, తడబడితే తప్పు మాట దొర్లుతుంది. నిజామాబాద్ డైట్‌లో చదివే కాబోయే టీచర్లను ఒక వారం దర్గాకు, చర్చికి, గుడికి, గురుద్వారాకు, బుద్ధ విహారానికి తీసుకెళ్లి, అక్కడివాళ్లే మాట్లాడగా వినిపించి, పిల్లలకు ఏ మాట ఎట్లా చెప్పాలో రాయించాలి. ఇది పెద్ద ఖర్చు కాదు. ఇందులో ఒక్క నియమం గట్టిగా ఉండాలి. ఏ మతం గురించి చెప్పినా ఆ మతం పాటించే పెద్దమనిషి వెనక బెంచీలో కూర్చుని విన్నా, అవును ఇది మా సంగతే అనేటట్టు ఉండాలి.

మొదలుపెట్టడానికి జిల్లా అంతా అక్కర్లేదు. బోధన్‌లో ఒకటి, నిజామాబాదులో ఒకటి, అన్ని మతాల పిల్లలూ చదివే సర్కారీ బడులు రెండు చాలు. నాలుగో తరగతి. వారానికి ఒక పీరియడ్. జూన్‌లోనే తల్లిదండ్రుల సమావేశం పెట్టి ఏడాదిలో ఏమేం చెబుతారో తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో రాసి చేతికివ్వాలి. వద్దన్న తల్లి పిల్లను ఆ గంట లైబ్రరీలో కూర్చోబెట్టాలి, ఎందుకని అడగకుండా. పూజ చేయించకూడదు, నమాజు చదివించకూడదు, వేషం కట్టించకూడదు. మొదటి పాఠం డిచ్‌పల్లి ఆసుపత్రితో పెట్టొచ్చు. దేవల్ మసీదు పాఠం మాత్రం ఐదో తరగతి దాకా ఆగాలి, అప్పటికి ఆ పిల్లలు ఏడాదిగా ఒకరి పండుగ గురించి ఒకరు వింటూ ఉంటారు కాబట్టి.